హీరోయిన్ గారి ఉక్కపోత

జనవరి 6

పిచ్చుకా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగున్నాను" అని రాస్తావు, ఒక వాక్యం దండగ. ఫోనులో మాట్లాడదామంటే నాకు లేబర్ రూము నుంచి పిలుపొస్తుంది, నీకు రిహార్సలు గంట కొడతారు. మనిద్దరికీ ఈ కాగితాలే గతి.

ముందు శుభవార్త. ఇన్నేళ్ళు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగిన పని అయింది. ఈ ఏడాది నుంచి ఆఖరి సంవత్సరం మెడికల్ విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షలో ముట్లుడిగే వయసు గురించి కూడా ఒక బల్ల పెడుతున్నారు. బల్ల అంటే, ఒక పేషెంటు కూర్చుంటుంది, విద్యార్థి వచ్చి ఆవిడతో మాట్లాడతాడు, తెర వెనక నుంచి పరీక్షకులు వింటారు. ఇన్నాళ్ళూ కడుపు నిలిచిన దగ్గర్నుంచి కాన్పయ్యేదాకా బోలెడు బల్లలు ఉండేవి. యాభై ఏళ్ళ మనిషికి ఒక్కటీ లేదు. పరీక్షలో లేనిది పిల్లలు చదవరు, చదవనిది డాక్టర్లయ్యాక వినరు. "నిద్ర పట్టట్లేదు డాక్టరమ్మా" అంటే "వయసమ్మా" అని పంపేస్తారు. ఆడవాళ్ళకి కాన్పు గదిలో ఉన్నంతసేపే రాజభోగం. ఆ తర్వాత మనల్ని పలకరించేవాళ్ళుండరు.

నా బుధవారం క్లినిక్కు నువ్వు చూళ్ళేదు కదా. లిఫ్టు పక్కన, ఒకప్పుడు దుప్పట్లు దాచుకునే గది. కిటికీ ఒకటే, అదీ జనరేటరు వైపు. నర్సులు దాన్ని "మామ్మల గది" అంటారు. వచ్చేవాళ్ళలో సగం మంది "నాక్కాదండీ, మా తోడికోడలికి" అని మొదలుపెడతారు. తోడికోడలికి చెమటలు, తోడికోడలికి చిరాకు, తోడికోడలికి గుండెదడ. నేను ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని కదా, గుమ్మంలో నిలబడ్డ తీరు చూసే ఆ తోడికోడలెవరో చెప్పేస్తాను. విద్యార్థులకి నేను పెట్టిన నియమం ఒక్కటే. పేషెంటు తనంతట తాను ఆపేదాకా పెన్ను మూత తియ్యకూడదు, నోరు తెరవకూడదు.

ఇప్పుడు నీతో పని. నిజం పేషెంటుని కూర్చోబెట్టి, అంతమంది కుర్రాళ్ళ ముందు అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పమనడం పాపం. నటించేవాళ్ళు కావాలి. నువ్వు నాటక కంపెనీలో ప్రాంప్టరువి, తెర పక్కన కూర్చుని ఇన్నేళ్ళుగా అందరికీ మాటలు అందిస్తున్నావు. ఒక మంచి నటిని చూసి పంపవే. పరీక్ష మార్చి మొదట్లో.

మీ బావకి నీ మీద కోపంగా ఉంది, ఉత్తరాల్లో తన ఊసే ఎత్తవని. ఈసారి ఒక ముక్క పడెయ్.

నీ అక్క

*

జనవరి 15

అక్కా,

బావగారికి నమస్కారాలు, నమస్కారాలు, నమస్కారాలు. ఈ ఏడాదికి సరిపెట్టుకోమను.

పరీక్షలో బల్ల వచ్చిందని ఎగిరి గంతేసే డాక్టరు ఈ భూమ్మీద నువ్వొక్కదానివే అయుంటావు. అయినా చాలా సంతోషంగా ఉంది. నువ్వు పట్టిన పట్టు వదలవని వాళ్ళకి ఇంత ఆలస్యంగా తెలిసిందే అని జాలేసింది.

ఇక్కడ కొత్త నాటకం మొదలైంది. రెండు హత్యలు, ఒక పెళ్ళి. పెళ్ళి దగ్గరే జనం ఎక్కువ ఏడుస్తారని మేనేజరు గారి నమ్మకం. నా కుర్చీ మామూలే, ఎడమ వైపు తెర పక్కన, తాళ్ళకీ ఇసుక బస్తాలకీ మధ్య. స్క్రిప్టు ఒళ్ళో ఉంటుంది గానీ చూపు నటుల మీదే ఉండాలి, మాట నోట్లో సిద్ధంగా ఉండాలి. వాళ్ళు ఆగినప్పుడు అది మరిచిపోయి ఆగడమా, నటనలో ఆగడమా అని కనిపెట్టడమే నా ఉద్యోగం. తొందరపడి అందిస్తే తిడతారు, ఆలస్యం చేస్తే ఇంకా తిడతారు.

నిన్నొకటి అడగాలి. నాక్కాదు, మా హీరోయిన్ గారికి. ఇంత చలిలోనూ ఉన్నట్టుండి ఛాతీ లోంచి మొహం దాకా ఆవిరి కొట్టినట్టు వేడి ఎక్కి, చెమటలు కారిపోతాయిట. నిద్ర మధ్యలో తెగిపోతుందిట. గుండె దడ. నెలసరి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అవన్నీ ఎలాగో భరిస్తోంది. ఆవిడ భయమంతా వేరే. మాటలు పోతున్నాయి అక్కా. వస్తువు ఎదురుగానే ఉంటుంది, పేరు నోటికి రాదు. మొన్న "దువ్వెన" అనే మాట కోసం పూటంతా వెతుక్కుందిట. ఈ పనికి మాటే కదా పెట్టుబడి. అది పోతే ఇంకెందుకు, ఈ నాటకంతో మానేస్తానంటోంది. ఇది తప్ప ఆవిడకి ఇంకో పని రాదు పాపం. ఎవరితోనూ అనొద్దంది. నువ్వు పరాయిదానివి కాదు కదా అని రాస్తున్నాను.

నీ పరీక్షకి కూడా హీరోయిన్ గారినే అడిగి చూస్తాను. వయసు మాట మాత్రం ఎత్తకు.

నీ పిచ్చుక

*

జనవరి 21

పిచ్చుకా,

మీ బావ నీ నమస్కారాల వరకూ కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు. ఇంక గడ్డం గీసుకున్నప్పుడల్లా నాకు చూపిస్తాడు.

మీ హీరోయిన్ గారి సంగతి అరచేతిలో గీతలా కనపడుతోంది. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్ళూ, ఆగాక కొన్నేళ్ళూ ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వేడి ఆవిర్లు, చెమటలు, దడ, నిద్ర తెగిపోవడం, చిరాకు, మాట నాలిక చివర దాకా వచ్చి ఆగిపోవడం, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. అది మతిపోవడం కాదని ఆవిడకి గట్టిగా చెప్పు. నిద్రలేని మనిషికి దువ్వెన పేరు ఏం గుర్తుంటుంది. రక్తం, థైరాయిడు, బీపీ చూడాలి, రొమ్ము పరీక్ష చెయ్యాలి. ఆపైన ఏ మందు పడుతుందో, అసలు మందు అక్కర్లేదో మనిషిని బట్టి. పని మానడమంత తెలివితక్కువ ఇంకోటి లేదు.

నువ్వు చెప్పడానికి మొహమాటపడతావని తెలుసు. అందుకని నేనే మా క్లినిక్కు కరపత్రాలు కొన్ని, వాటితో ఒక మంచి ఉత్తరం, హీరోయిన్ గారి పేరు మీదే మీ కంపెనీకి పోస్టు చేశాను. పరీక్షలో పేషెంటుగా కూడా ఆవిడే రావాలని రాశాను. అనుభవం ఉన్న మనిషి కంటే ఎవరు బాగా చేస్తారు?

నీ గురించి మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. నీకేంలే, చిన్నప్పట్నుంచీ గుండ్రాయిలా ఉంటావు.

నీ అక్క

*

ఫిబ్రవరి 1

అక్కా,

నువ్వు పోస్టు చేసిన కట్ట చేరింది. ఎలా చేరిందో విను.

కంపెనీకి వచ్చే ఉత్తరాలన్నీ ముందు మేనేజరు గారే విప్పుతారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరో అభిమాని రాసిందనుకుని, టీ తాగే వేళ అందరినీ పిలిచి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. "మీ వయసులో ఇది సహజం, సిగ్గుపడవలసిందేమీ లేదు" దాకా వచ్చాక గానీ ఆపలేదు. హంతకుడి వేషం వేసేవాడు టీ మింగలేక కక్కలేక అవస్థ పడ్డాడు. మా హీరోయిన్ గారికి నేను కంపెనీలో చేరినప్పుడు ముప్పై ఎనిమిది, ఇప్పటికీ ముప్పై ఎనిమిదే. ఆవిడ కప్పు కింద పెట్టి, "ఇది ఎవరి పనో నాకు తెలుసు" అని నావైపు చూశారు.

ఇంత జరిగాక నీ పరీక్షకి రారనుకున్నాను. వస్తారుట. "మీ అక్కగారికి నటన అంటే ఏమిటో చూపిస్తాను" అన్నారు. మర్యాదగానే అన్నారు, అదే నాకు భయం.

ఇంకో సంగతి. ఈ నాటకం అయ్యాక నేను పని మానేద్దామనుకుంటున్నాను. పెద్ద కారణమేం లేదు. చాలా ఏళ్ళు చేశాను కదా. మీ మరిది గారు నీ ఇష్టం అన్నారు. ఆయన అన్నిటికీ అదే అంటారనుకో.

ఈ మధ్య అమ్మ బాగా గుర్తొస్తోంది. ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉంది కదా. అప్పుడు ఎలా మొదలైందో తలుచుకుంటూ ఉంటాను.

నీ పిచ్చుక

*

ఫిబ్రవరి 8

పిచ్చుకా,

నా వల్ల నీ ఉద్యోగానికే ఎసరొచ్చిందని తెలిసి చాలా బాధపడ్డాను. హీరోయిన్ గారు మాట్లాడకపోతే మానేస్తావా? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆవిడ మీద కోపంతో నీ కుర్చీ ఎందుకు వదులుకోవాలి? ఆవిడ అలక కూడా ఆ ఉక్కపోతలో భాగమే. నాలుగు నెలలు ఓపిక పట్టు, మందు పడితే అదే సర్దుకుంటుంది.

నిన్న మేనేజరు గారికి కూడా రాశాను. మా చెల్లెల్ని వదులుకోవద్దనీ, హీరోయిన్ గారు మాటలు మరిచిపోతున్నది వయసు వల్లే గానీ అశ్రద్ధ వల్ల కాదనీ, ఆవిడని కాస్త సానుభూతితో చూడమనీ. పెద్దమనిషి, అర్థం చేసుకుంటాడు.

అమ్మ నాకూ గుర్తొస్తూనే ఉంటుంది. ఆ మాట ఇప్పుడెందుకులే. పని ఎక్కువ పెట్టుకో, అన్నీ మరిచిపోతావు.

నీ అక్క

*

ఫిబ్రవరి 14

అక్కా,

మేనేజరు గారికి ఎందుకు రాశావు?

హీరోయిన్ గారు ఒక్క మాట కూడా మరిచిపోలేదు. ఇరవై పేజీలు నిద్రలో అప్పజెప్పగలరు. నీ ఉత్తరం చూసి ఆయన కంగారుపడి, ఆవిడ కోసం కుడి వైపు ఇంకో ప్రాంప్టర్ని కూర్చోబెట్టారు. కాషియరు గారి బావమరిది. మొన్నటి దాకా టికెట్లు చింపేవాడు. ఆవిడ ఊపిరి పీల్చుకోడానికి ఆగినా చాలు, అరిచి మరీ అందిస్తున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అతనికి పని నేర్పించమని నాకే అప్పజెప్పారు. నేర్పిస్తున్నాను. నేను వెళ్ళాక పనికొస్తాడు.

అలిగి మానేయడం లేదక్కా. ఎందుకు మానేస్తున్నానో నువ్వు అడగలేదు. నువ్వే చెప్పేశావు.

పిచ్చుక

*

ఫిబ్రవరి 23

పిచ్చుకా,

నీకు కోపం వచ్చిందని రెండు రోజులు బెంగగా తిరిగాను. తర్వాత మీ హీరోయిన్ గారు వచ్చారు, బెంగపడ్డానికి తీరిక లేకుండా పోయింది.

పరీక్షకి ముందు పిల్లలకి ఒకసారి అలవాటు చేద్దామని పిలిచాను. రాసిచ్చిన మాటలు ఇన్నే: నిద్ర ఉండట్లేదు, వంట చేస్తుంటే చెమటలు పోస్తున్నాయి, పిల్లల మీద విసుక్కుంటున్నాను. ఆవిడ పట్టుచీరలో వచ్చారు. "నిద్ర" అనగానే గొంతు వణికింది. "చెమటలు" అనేసరికి లేచి నిలబడ్డారు. మూడో మాట నేను రాసింది కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన కొడుకెవడో ఈ ఆసుపత్రిలోనే డాక్టరయ్యాడని చెప్పి, ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి పట్టుకుని "నాయనా" అంటూ పడిపోయారు. అద్భుతంగా పడ్డారు, కొంగు కూడా చెదరలేదు. ఇద్దరు స్ట్రెచరు కోసం పరిగెత్తారు. కొడుకనిపించుకున్నవాడు నిజంగానే ఏడ్చాడు. ఆవిడ లేచి, దులుపుకుని, "ఇదీ వయసులో ఉన్నవాళ్ళ నటన" అని నాకు చెప్పి వెళ్ళిపోయారు.

అంత గందరగోళంలోనూ కదలకుండా కూర్చున్నది ఒక్క పిల్లే. మేం ఆ పిల్లని మౌనవ్రతం అంటాం. తరగతిలో నోరు విప్పదు, ఏమడిగినా చూస్తూ ఉంటుంది. ఈసారి తప్పుతుందనే నా భయం.

ఇప్పుడు నాకు దిక్కు నువ్వే. నువ్వే వచ్చి పేషెంటుగా కూర్చో. వయసు కూడా సరిగ్గా సరిపోతుంది. స్క్రిప్టు దీంతో పంపుతున్నాను. నలుగురి మాటలు నోటికొచ్చినదానివి, ఈ నాలుగు వాక్యాలు నీకు వెన్నతో పెట్టిన విద్య. వచ్చినప్పుడు కోపం సంగతి కూడా మాట్లాడుకుందాం.

నీ అక్క

*

ఫిబ్రవరి 27

అక్కా,

వస్తాను. జన్మలో ఎప్పుడూ వెలుతుర్లో కూర్చోలేదు. నటించమనకు, చదువుతాను.

స్క్రిప్టు చూశాను. బాగానే ఉంది. ఆ మనిషి అసలు విషయం చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నట్టు ఉంది, అంతే.

పిచ్చుక

*

మార్చి 6

పిచ్చుకా,

నాకు చెప్పకుండా సాయంత్రం రైలెక్కేశావు. నేను సంతకాలన్నీ ముగించుకుని వచ్చేసరికి నువ్వు కూర్చున్న స్టూలు ఖాళీగా ఉంది.

నువ్వు నీ వైపు నుంచి చూశావు. తెరకి ఇవతల ఏం జరిగిందో రాస్తాను. పొద్దుట్నుంచీ పొల్లుపోకుండా చెప్పావు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు "ఎవరండీ ఈవిడ, అచ్చం నిజం పేషెంటులా ఉన్నారు" అన్నాడు. మా చెల్లెలండీ అని తెగ మురిసిపోయాను. అందరికంటే ఆఖరున మౌనవ్రతం వచ్చి కూర్చుంది. నువ్వు "నిద్ర సరిగా ఉండట్లేదు" దాకా చెప్పి ఆగిపోయావు. ఆ పిల్ల ఏమీ అడగలేదు. నువ్వేమీ చెప్పలేదు. బయట ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. నువ్వు లైను మరిచిపోయావనుకున్నాను. నోరు తెరవొద్దని ఇన్నేళ్ళు పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషిని, తెర సందులోంచి తల పెట్టి "చెమటలు, చెమటలు" అని నీకే అందించాను.

ఆ పిల్ల నావైపు తిరగను కూడా తిరగలేదు. చెయ్యెత్తి, "ఆగండి మేడమ్, ఆవిడ ఇంకా చెబుతున్నారు" అంది. విభాగం పెద్దని, పరీక్ష రోజున, బయటివాళ్ళ ముందు. నేను ఆగాను.

అప్పుడు నువ్వు దువ్వెన సంగతి చెప్పావు. నేనెంత మొద్దునంటే, అది విని కూడా హీరోయిన్ గారి మాటలు వాడుకుంటున్నావేమో అనుకున్నాను. "మా అమ్మకి ముందు మాటలే పోయాయి, తర్వాత నేను పోయాను. నాకూ అదే మొదలైంది. తెర పక్కన కూర్చుని ఎవరి మాటైనా సమయానికి అందించలేకపోతే వాళ్ళ పరువు పోతుంది. అందుకే మానేస్తున్నాను. మా అక్క డాక్టరే, ఆవిడకి చెబితే అది నిజమైపోతుందని చెప్పలేదు" అన్నావు. ఆ పిల్ల "ఇంకేమైనా ఉందా అమ్మా" అని అడిగింది. నువ్వు "ఇంతే" అన్నావు. నేను ఏడుస్తున్నానని పరీక్షకుడు చేతిరుమాలు ఇచ్చాడు. తర్వాత పరీక్ష మధ్యలో మాట్లాడానని నా మీదే రిపోర్టు రాశాడు. బాగా రాశాడు.

అంటే హీరోయిన్ గారికి ఏ ఉక్కపోతా లేదు. ఆవిడ పరువు తీశాను, మేనేజర్ని కంగారుపెట్టాను, టికెట్లు చింపుకునే మనిషిని ప్రాంప్టర్ని చేశాను. అంతా చేసి నిన్ను మాత్రం చూళ్ళేదు.

ఇక్కడ నుంచి కాగితం నిండా సలహాలు రాసి, కొట్టేశాను. ఒక్కటే అడుగుతున్నాను. ఒకసారి రా.

నీ అక్క

*

మార్చి 12

అక్కా,

కొట్టేసిన సలహాలన్నీ వెలుతురుకి పెట్టి చదివాను. ఐరన్ మాత్ర పాలతో వేసుకోకూడదని తెలుసుకున్నాను.

నీ మీద కోపం లేదు. ఉండేది, రైల్లో సగం దూరం వచ్చేసరికి పోయింది. నీ తల తెర సందులోంచి బయటికి రావడం తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే ఎదుటి సీటావిడ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. తప్పు చెట్టుది కాదు. నేను నీ దగ్గరికి వస్తే నువ్వు డాక్టరువి అవుతావు, లేకపోతే అక్కవి అవుతావు. డాక్టరుకి చెప్పాలంటే భయం. అక్కకి చెబితే "నీకేంలే, గుండ్రాయివి" అంటుంది. గుండ్రాయి ఎక్కడికి పోయి ఏం చెప్పుకుంటుంది? ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. పెన్ను మూత తియ్యలేదు, గడియారం చూడలేదు. నాకు చెప్పుకోవాలనిపించింది, చెప్పాను.

వస్తాను. బుధవారం వస్తాను, మామ్మల గదికే వస్తాను, వరసలోనే కూర్చుంటాను. లోపల ఆ పిల్లే ఉండాలి, పక్కన నీ కింద పనిచేసే డాక్టరు ఎవరైనా ఉండొచ్చు. నువ్వు బయట ఉండాలి. ఒప్పుకుంటేనే.

పిచ్చుక

*

మార్చి 16

ఒప్పుకున్నాను. బయట బెంచీ చాలా గట్టిది, దిండు తెచ్చుకుంటాను. బావ స్టేషనుకి వస్తాడు.

అక్క

*

ఏప్రిల్ 24

అక్కా,

తిరిగొచ్చి నెల దాటింది, ఇప్పటికి రాస్తున్నాను. నువ్వు బెంచీ మీద దిండుతో సహా నిద్రపోయిన దృశ్యం బావగారు మా వారికి ఫోనులో అభినయించి చెప్పారుట. ఎవరికి వారు నటులైపోయారు మన ఇంట్లో.

మతిమరుపు డాక్టరు గారి దగ్గరికి పంపారు కదా, ఆయన పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. గడియారం బొమ్మ వెయ్యమన్నారు, మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి అప్పజెప్పమన్నారు. నేను ఆయన అడిగిన ప్రశ్నలు కూడా అప్పజెప్పాను. ఆయన నవ్వి, "అమ్మగారికి వచ్చింది వేరు, ఆవిడ డెబ్బై దాటాక వచ్చింది. మీకున్నది నిద్రలేమి, ఈ వయసు మార్పులు. ఏడాది పోయాక మళ్ళీ ఓసారి చూద్దాం, భయపడి మాత్రం రావద్దు" అన్నారు. థైరాయిడు బాగానే ఉంది. రక్తం తక్కువగా ఉంది. మిగతా పరీక్షలన్నీ చూశాక చర్మానికి అంటించుకునే హార్మోను మందు, దాంతో ఒక మాత్ర ఇచ్చారు. చెమటలు తగ్గాయి. పూర్తిగా పోలేదు గానీ, పడుకుంటే తెల్లారుతోంది. అది ఎంత సుఖమో మరిచిపోయాను.

మాటలు ఇంకా అప్పుడప్పుడు జారిపోతున్నాయి. ఇదివరకులా గుండె జారట్లేదు, అంతే తేడా.

నాటకం మొదటి ప్రదర్శన అయింది. నా కుర్చీలో నేనే కూర్చున్నాను. రెండో అంకంలో హంతకుడు కంగారులో ఏకంగా రెండు పేజీలు దాటేశాడు. ఇంకా చావని మనిషి గురించి ఏడవాల్సిన పరిస్థితి వచ్చింది. హీరోయిన్ గారు స్థిరంగా నిలబడి నావైపు కళ్ళు తిప్పారు. ఆ క్షణంలో నా ఒళ్ళంతా వేడెక్కింది, చెమట పట్టింది. మాట కూడా వచ్చింది. వెనక్కి తీసుకెళ్ళే వాక్యం ఒకటి ఉంది, అది అందించాను. ఆవిడ పట్టుకున్నారు. జనానికి ఏమీ తెలీలేదు. తెర పడ్డాక మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి మానట్లేదని చెప్పాను. కాషియరు గారి బావమరిది నాకంటే ఎక్కువ సంతోషించాడు, మళ్ళీ టికెట్ల దగ్గరికి పోయాడు.

హీరోయిన్ గారికి నిజం చెప్పేశాను, ఆవిడ పేరు పెట్టి నిన్ను నా సంగతే అడిగానని. ఒక పూట మొహం ముడుచుకున్నారు. మర్నాడు అలంకరణ గదిలోకి పిలిచి, తలుపు వేసి, "ఆ కరపత్రం ఇంకోటి ఉంటుందా, మా వదినకి కావాలిట" అన్నారు. నేను నవ్వలేదు. నువ్వు పంపితే నేనే ఇస్తాను, పోస్టు చెయ్యకు.

మొన్న మెలకువగా పడుకుని ఒకటి ఆలోచించాను. నువ్వు నాకంటే ఏడేళ్ళు పెద్దదానివి. ఇవన్నీ నీకూ వచ్చే ఉంటాయి కదా. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. అప్పుడు నువ్వు ఎవరికి చెప్పుకున్నావక్కా?

నీ పిచ్చుక

*

మే 2

పిచ్చుకా,

నీ ప్రశ్నకి జవాబు రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను. ఒకదాంట్లో నీ మందుల గురించి రాశాను. రెండో దాంట్లో ఆ పిల్ల మంచి మార్కులతో గట్టెక్కిందనీ, బుధవారాలు నా గదిలో పనిచేస్తానని అడిగిందనీ రాశాను. రెండూ నిజమే. నువ్వు అడిగింది అది కాదు.

ఎవరికీ చెప్పుకోలేదు.

అమ్మకి జబ్బు ముదిరిన ఏడే నాకు మొదలైంది. ఒకరోజు ఆపరేషను మధ్యలో చెయ్యి చాచాను, కావలసినదాని పేరు రాలేదు. కత్తెర. రోజుకి వందసార్లు అనే మాట. నర్సు అనుభవం ఉన్న మనిషి, తనే చేతిలో పెట్టింది. ఇంకోసారి కూడా అలాగే జరిగాక, కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చుని ఏడ్చాను. పుస్తకంలో ఉన్నదంతా నాకు తెలుసు, ఆ పాఠం చెప్పేదాన్నే నేను. వేరే ఎవరొచ్చి చెప్పినా ఇది వయసు మార్పేనమ్మా, మరేం కాదు అని ధైర్యం చెప్పేదాన్ని. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా ఎక్కడికి పోయిందో తెలీదు. నాకూ అమ్మ జబ్బే వచ్చిందనుకున్నాను. ఆపరేషన్లు తగ్గించుకున్నాను. వయసు మీద పడుతోందని అందరికీ చెప్పాను. మీ బావకి కూడా అదే చెప్పాను. దుప్పట్ల గది అడిగి క్లినిక్కు పెట్టింది ఆ తర్వాతి ఏడాదే. ఎవరో పేషెంటు అడిగితే పెట్టానని ఇప్పటికీ చెబుతుంటాను.

నీకు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. అప్పుడు నువ్వు రోజూ పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని నీ పేరు అందిస్తున్నావు, ఆవిడ దాన్ని మధ్యాహ్నానికి పోగొట్టుకుంటోంది. నేనూ ఒకదాన్ని తోడవడం ఎందుకులే అనుకున్నాను. అక్కని కదా, గట్టిగా ఉండాలనుకున్నాను.

చాలా భయపడ్డానే. నేను మరిచిపోయేవాటిలో నువ్వు ఎన్నోదానివి అవుతావో అని భయపడ్డాను.

ఇంకా ఉంది, కాగితం మీద రావట్లేదు. శుక్రవారం రైలుకి వస్తున్నాను. బుధవారం క్లినిక్కు ఆ పిల్లకి అప్పజెప్పను గానీ, శుక్రవారం ఎవరూ నన్ను అడగరు. నా కోసం ఏమీ వండొద్దు, ఏమీ అడగొద్దు. నేను చెప్పేదాకా పక్కన కూర్చో.

నీ అక్క